గంటకు నూట పన్నెండు

సన్నటి గాజు గొట్టంలో నెత్తురు నింపి
నిటారుగ నిలబెట్టి
ఫ్యాను బందు చేస్త.
ఇగ గంటసేపు చూసుడే.
ఎర్రదనం అడుక్కు దిగుతుంటది,
పైన పసుపు నీరు తేలుతుంటది,
ఎండకాలం మా దిక్కు బోర్లల్ల
నీళ్ళు దిగినట్టే.
ఎంత దిగితే లోపల అంత మంట.
ఏడ మండుతుందో మాత్రం గొట్టం చెప్పదు.

దేవరకొండ సర్కారు దవాఖాన్ల
పందొమ్మిదేండ్ల నుంచి ఇదే నా కిటికీ.

ఈదమ్మ మర్రిగూడ దిక్కు మనిషి.
డెబ్బై మూడేండ్లు.
భుజాలు లేస్తలేవంటే
"ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన బొక్కలు గదమ్మా" అన్నరు.
మా కాడ ప్రతి నొప్పికీ
ఆ పేరు ముందే రాసిపెట్టి ఉంటది.
తల నొస్తుందంటే అద్దాలు మార్చిన్రు.
దవడ గుంజుతుందంటే
రెండు పండ్లు పీకిన్రు.
వాటిని కొంగున కట్టుకొచ్చి
నా బల్ల మీద పెట్టింది.
"సూడు సారూ, యాడన్న పుచ్చు ఉన్నదా?"
లేదు.

సబిహా మేడం కొత్తగ వచ్చింది.
చీటీ రాయకముందు అడిగింది:
"ఏం తింటవు?"
"జొన్న రొట్టె. సగం తినంగనే
దవడ మొరాయిస్తది, గుట్ట ఎక్కే కాలు లెక్క.
జరసేపు ఆగితే మళ్ళ నములుత."
"తల దువ్వుకుంటే?"
"అది దువ్వెన గాదు, ముల్లకంప."
"కండ్లు?"
ఈదమ్మ ఆగింది.
"మొన్న బస్టాండ్ల
ఎడమ కంటి ముంగట పర్ద దిగింది.
బస్సు సగమే వచ్చింది.
సోడా తాగేలోపు పర్ద లేసింది.
ఎండ దెబ్బ అనుకున్న."

మేడం లేచి
రెండు కణతల మీద వేళ్ళు పెట్టింది,
రొట్టె కాలిందా లేదా అని ఒత్తినట్టు.
కుడి దిక్కు కొట్టుకుంటున్నది.
ఎడమ దిక్కు నరం
తాళ్ళెక్కే మోకు లెక్క బిర్రుగ,
ముడులు ముడులుగ,
చప్పుడు లేకుంట.
"నువ్వు గూడ పట్టి చూడు" అన్నది నాతోని.
ఇన్నేండ్లు నెత్తురు గుంజిన గానీ
నెత్తురు నడవని తొవ్వ
ముట్టుకునుడు అదే మొదలు.

నూట పన్నెండు.

కణత కాడ ముక్క తీసి హైదరాబాద్ పంపాలె.
జవాబుకు వారం.
"కన్ను వారం ఆగదు" అని
ఆ పొద్దే గోలీలు తెప్పించింది మేడం,
ఈదమ్మ మింగిందాకా కదలలేదు.

మూడో నాడు ఈదమ్మ
"నొప్పి ఏడనో పెట్టి మరిచిన" అన్నది.

రిపోర్టు వచ్చింది: ఏమీ లేదు.
నేను మేడం మొహం చూసిన.
"నరం పొడుగునా ఉండదిది.
ఈడింత, ఆడింత, మన తాన వాన లెక్క.
తడవని చెల్క ఒక్కటి చూసి
వాననే పడలేదంటమా?"
గోలీలు ఆపలేదు.

షుగర్ పెరిగింది. నిద్ర పోయింది.
మొహం గుండ్రంగ ఉబ్బింది.
"పెండ్లికి ముందు ఇట్లనే ఉంటుంటి" అని
ఈదమ్మ నవ్వింది,
నిండు రొట్టె తిన్న నోటితోని.

ఇంతే అయితే నేను రాయకపోదును.

ఆ రాత్రి పాత రిజిస్టర్లు తిరగేసిన.
నాలుగు నెలల కింద, నా చేతిరాతే:
ఈదమ్మ, ఎనభై ఎనిమిది.
కింద ఎర్ర పెన్ను గీత.
గీత కొట్టి
పేజీ తిప్పిన.

ఇంకా వెనక్కి పోయిన.
అరవై దాటినోళ్ళు, పెద్ద అంకెలు.
కొందరికి టీబీ, కొందరికి ఏడనో చీము.
కొన్ని పేర్ల పక్కన ఉత్త కాగితం.

సోమ్లా నాయక్, తొంభై ఆరు.
కొడుకు ఫోనెత్తిండు:
"బాపుకు చూపు పోయి రెండు నెలలు.
మోతిబిందు అనుకున్నం."
నేను ఫోను చెవికి పెట్టుకొనే
చానాసేపు కూసున్న.

ఇప్పుడు డ్యూటీ దిగినంక
రోజుకు రెండు నంబర్లు.

"అవ్వా, దేవరకొండ దవాఖాన నుంచి.
రొట్టె నములుతుంటే దవడ గుంజుతుందా?"

అవతల కోళ్ళ చప్పుడు.
"ఎవరు బిడ్డా నువ్వు,
పండ్లు కట్టేటోనివా?"